ఇళ్ల జోన్లు విడతలుగా వేస్తే మరణాల ఉప్పెన తగ్గుతుంది

2015లో వచ్చిన, నగరాన్ని కట్టి నడిపే కంప్యూటర్ ఆట సిటీస్: స్కైలైన్స్‌లో, అంతవరకు సజావుగా సాగుతున్న నగరంలో ఉన్నట్టుండి వీధి వీధినా ఇళ్లపై పుర్రె గుర్తులు వెలిసి, శ్మశానాలు చాలక, శవవాహనాలతో రోడ్లు కిక్కిరిసిపోవడం చాలామందికి అనుభవమైన చికాకే. కొత్తగా వచ్చి చేరేవారిలో ఎక్కువమంది యువకులే కాబట్టి, ఒకేసారి దిగినవారంతా ఇంచుమించు ఒకేసారి వృద్ధులై కన్నుమూస్తారు.

అందువల్ల నివాస జోను (ఇళ్లకు కేటాయించే స్థలం) వేసేటప్పుడు ఒక్క నొక్కుతో స్థలమంతా నింపే ఫిల్ పనిముట్టును వాడకుండా, చిన్న బ్రష్‌తో వీధికి ఒక పక్క మాత్రమే, రోడ్డు అంచు నుంచి 4 గడుల లోతు వరకు, జోను వేయండి. ఆ ఇళ్లు పూర్తయి జనం చేరాక, ఆట కాలమానంలో కొన్ని నెలలు గడవనిచ్చి రెండో పక్క మొదలుపెట్టండి. ఇళ్లకు ఎంత గిరాకీ ఉందో చూపే ఆకుపచ్చ డిమాండు పట్టీ నిండుగా కనిపిస్తున్నా తొందరపడనవసరం లేదు. అది ఎక్కడికీ పోదు. అయితే ఖాళీ రోడ్లకూ నిర్వహణ ఖర్చు పడుతుంది కనుక, తర్వాతి వీధిని దాని వంతు వచ్చినప్పుడే వేయడం ఖజానాకు మేలు.

ఇప్పటికే ఒక్కసారిగా నిండిపోయిన నగరానికి ఈ పద్ధతి పనికిరాదు. అక్కడ దహనవాటికలను ఒకే చోట గుమిగూర్చకుండా పేటకొకటి చొప్పున కట్టి, ఆ ఉప్పెన దాటేవరకు ఓపిక పట్టాల్సిందే. పాత పేటను మొత్తం కూల్చి ఒకేసారి తిరిగి జోను వేసినా కథ మళ్లీ మొదటికి వస్తుంది.