మొదటి ఆర్‌సీ (రిమోట్‌తో ఎగిరే బొమ్మ) హెలికాప్టర్ కొనేముందు విడి రెక్కలు అడగండి

కొన్న రెండో రోజే రెక్క విరుగుతుంది, అది ఎక్కడా దొరక్క మొత్తం అటకెక్కుతుంది. మా బాబు మొదటి హెలికాప్టర్‌కి ఇదే అయింది. రెండోసారి చెన్నైలో ఎలక్ట్రానిక్స్ షాపులుండే రిచీ స్ట్రీట్‌కి వెళ్లినప్పుడు ముందు విడి రెక్కలు, బ్యాటరీ ఉన్నాయా అని అడిగి, అవి దొరికే మోడల్సే చూపించమన్నాను. రెండు సెట్ల రెక్కలు, అదనంగా ఒక బ్యాటరీ బడ్జెట్‌లోనే కలిపి లెక్కేసుకోండి. అందుకోసం హెలికాప్టర్ చిన్నదైనా పర్వాలేదు.

మొదటిదైతే కోయాక్సియల్ రకమే మేలు. ఒకదానిపై ఒకటి రెండు జతల రెక్కలు ఎదురెదురు దిశల్లో తిరుగుతాయి, కాబట్టి బాడీ గిర్రున తిరిగిపోదు. చెయ్యి కుదిరేదాకా ఆ నిలకడ చాలా అవసరం. రిమోట్ 2.4 గిగాహెర్ట్జ్‌ది, అంటే రేడియో తరంగాలతో పనిచేసేది చూడండి. ఇన్‌ఫ్రారెడ్‌ది (కంటికి కనపడని కాంతితో పనిచేసేది) గదిలో ఎండ పడుతున్నా సరిగా పనిచేయకపోవచ్చు. షాపులోనే ఒక్క నిమిషం ఎగరేయించి చూడండి, మొహమాటం వద్దు.

ఒక్కటే జాగ్రత్త: ఈ రకం ఇంట్లోకే, అదీ ఫ్యాన్ ఆపేసి. సాయంత్రం సముద్రపు గాలికి మాది మేడ మీంచి పక్కింటి డాబా మీదికి కొట్టుకుపోయింది. దిగగానే బ్యాటరీ వేడిగా ఉంటుంది, పావుగంట చల్లారనిచ్చి ఛార్జింగ్ పెట్టండి.