బ్లూబెర్రీ ఆకు పసుపెక్కుతోందా? ముందు నీళ్లు చూడండి

తిరుపతి, చిత్తూరు వైపు బ్లూబెర్రీ మొక్క చిక్కిపోతే చాలామంది ఎరువు పెంచుతారు, లేకపోతే మందు కొడతారు. ఇక్కడి ఇబ్బందుల్లో ఎక్కువ భాగం బోరు నీళ్లతో మొదలవుతుంది. కింది లక్షణాల్లో ఏది కనిపించినా ముందు రెండు కొలతలు తీసుకోండి: కుండీలోని మిశ్రమం పీహెచ్, పోసే నీటి పీహెచ్. పీహెచ్ అంటే ఆమ్లమో క్షారమో చెప్పే అంకె: 7 కన్నా తగ్గితే ఆమ్లం, పెరిగితే క్షారం. మిశ్రమం 4.5 నుంచి 5.5 మధ్య ఉండాలి. మీటరు వాడితే కొలిచే ముందు పీహెచ్ 4, 7 ఉండే బఫర్ (ప్రామాణిక) ద్రావణాలతో సరిచూసుకోండి.

లేత ఆకులు పసుపు, ఈనెలు మాత్రం పచ్చగా

ఇది ఇనుము లోపం. మన ఎర్ర నేలకు ఆ రంగు తెచ్చేదే ఇనుము, కాబట్టి నేలలో దానికి కొదవ లేదు. పీహెచ్ 6 దాటితే ఇనుము కరగని రూపంలోకి మారిపోతుంది. పైగా బ్లూబెర్రీ వేళ్లు సన్నగా, పైపైనే ఉంటాయి, వాటికి పోషకాలు పీల్చే సన్నటి నూగు ఉండదు. అందుకే పక్కనున్న మామిడి తట్టుకునే నేలలో ఇది తట్టుకోలేదు. ఈ మొక్కకు ఆమ్ల నేల తప్పనిసరి అని అమెరికా వృక్షశాస్త్రవేత్త ఫ్రెడరిక్ కోవిల్ 1910లోనే ప్రయోగాలతో చూపించారు.

నీటి పీహెచ్ ఒక్కటే చూస్తే చాలదు, అందులోని బైకార్బనేట్లే (క్షార గుణమున్న లవణాలు) అసలు చిక్కు. బకెట్ అంచున తెల్లటి పొర కట్టే నీళ్లు పోస్తూ ఉంటే, ఎంత మంచి మిశ్రమమైనా కొన్ని నెలల్లో క్షారమవుతుంది. దీనికి ఇంటి స్థాయిలో నిమ్మ ఉప్పు సరిపోతుంది. 10 లీటర్లకు 2 గ్రాములు వేసి బాగా కలిపి, గంట ఆగి కొలవండి. 5 నుంచి 5.5 వచ్చేదాకా ఒక్కో గ్రాము పెంచండి. గట్టి నీళ్లకు 5, 6 గ్రాములు కూడా పట్టవచ్చు. ఒకసారి లెక్క తేలాక అదే కొలత వాడుకోవచ్చు గానీ, వేసవిలో బోరు అడుగంటినప్పుడు మళ్లీ కొలవాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే వాననీళ్లు డ్రమ్ముల్లో పట్టుకుంటే అంతకన్నా మేలైనది లేదు. ఏసీ నుంచి కారే నీళ్లూ పనికొస్తాయి. ఆర్వో యంత్రం వదిలే వృథా నీళ్లు మాత్రం వద్దు, లవణాలన్నీ వాటిలోనే చేరతాయి.

నీళ్లు సరిచేశాకే ఇనుము ఇవ్వండి. మిశ్రమం పీహెచ్ 6 లోపు ఉంటే ఈడీటీఏ రకం చీలేటెడ్ ఇనుము (వేళ్లకు అందేలా కరిగి ఉండే రూపం) పనిచేస్తుంది. అంతకు మించితే ఈడీడీహెచ్ఏ రకమే కావాలి. 20 లీటర్ల కుండీకి 10 నుంచి 15 గ్రాముల గంధకం పొడి పైమిశ్రమంలో కలిపితే పీహెచ్ మెల్లగా దిగుతుంది. దాన్ని ఆమ్లంగా మార్చేది సూక్ష్మజీవులు కాబట్టి రెండు మూడు నెలలు పడుతుంది. ఆత్రపడి మళ్లీ వేయకండి. పాత ఆకులు తిరిగి పచ్చబడకపోవచ్చు, కొత్త చిగురు రంగు చూసి గుణం తెలుసుకోవాలి.

కోడిగుడ్డు పెంకులు, కట్టెల బూడిద, కాల్చిన వరి ఊక ఈ కుండీలో పడకూడదు. మూడూ పీహెచ్ పెంచేవే. పశువుల ఎరువు, వర్మీకంపోస్టు కూడా దండిగా వేయవద్దు. నత్రజని కోసం అమ్మోనియం సల్ఫేట్ వాడండి: పెరుగుతున్న మొక్కకు 15 రోజులకోసారి 2, 3 గ్రాములు, నీళ్లలో కరిగించి.

ఆకు అంచులు మాడుతున్నాయి

లవణాలు పేరుకున్నాయి. కడగని కొబ్బరి పీచు పొట్టు, ఎక్కువైన ఎరువు, మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ (పొటాషియం క్లోరైడ్) దీనికి కారణాలు. బ్లూబెర్రీ క్లోరైడును ఓర్చుకోలేదు, పొటాష్ కావాలంటే సల్ఫేట్ రూపంలోనే ఇవ్వాలి. కుండీ పరిమాణానికి రెండింతల మంచినీళ్లు నిదానంగా పోసి లవణాలు దిగిపోనివ్వండి. ఆపై రెండు వారాలు ఎరువు ఆపండి. కొత్తగా నింపేటప్పుడు కొబ్బరి పొట్టును కనీసం మూడుసార్లు కడగాలి.

తడి ఉన్నా మధ్యాహ్నం వాడిపోతోంది

మిద్దె మీద నల్ల గ్రో బ్యాగు పెడితే రోహిణి కార్తె ఎండలకు వేళ్లు ఉడికిపోతాయి. తెల్ల సంచి వాడండి, కింద ఇటుకలు పెట్టి కాంక్రీటుకు తగలకుండా లేపండి, మార్చి నుంచి జూన్ దాకా 50 శాతం షేడ్‌నెట్ కట్టండి. సాయంత్రానికీ మొక్క తేరుకోకపోతే కుండీ నుంచి దించి వేళ్లు చూడాలి. ఆరోగ్యంగా ఉన్న వేరు తెలుపు నుంచి లేత గోధుమ రంగులో ఉంటుంది. నల్లబడి, పట్టుకుంటే పైపొర ఊడివస్తే అది వేరుకుళ్లు. కుళ్లిన వేళ్లు తీసేసి, సగం కొబ్బరి పొట్టు, మిగతా సగం పైన్ బెరడు, పెర్లైటు (తేలికైన తెల్లటి రాతి గుళికలు) కలిపిన గుల్ల మిశ్రమంలోకి మార్చండి. చిన్న మొక్కను ఒకేసారి పెద్ద కుండీలో పెడితే తడి ఆరక ఇదే జబ్బు వస్తుంది. 10 లీటర్లతో మొదలుపెట్టి 30 దాకా మెల్లగా పోవాలి.

మొక్క పచ్చగా ఉంది, పూతే లేదు

రకం పేరు చూడండి. డ్యూక్, బ్లూక్రాప్ వంటి అమెరికా ఉత్తర ప్రాంతపు రకాలకు 7 డిగ్రీల లోపు చలి 800 గంటలకు పైగా కావాలి. తిరుపతిలో అది దొరకదు, ఎంత సేవ చేసినా వృథా. చలి తక్కువ అవసరమయ్యే బిలాక్సి, మిస్టీ, షార్ప్‌బ్లూ ఎంచుకోండి. మదనపల్లె, పలమనేరు మెట్టప్రాంతపు చల్లటి రాత్రులు తిరుపతి కన్నా వీటికి అనుకూలం. రకం సరైనదే అయితే కత్తిరింపు వేళ తప్పి ఉంటుంది. పూమొగ్గలు పొద్దు తగ్గే కాలంలో కొమ్మల చివర్లలో కడతాయి. ఆ తర్వాత కత్తిరిస్తే పంట పోయినట్టే. కోత అయ్యాక, జూన్, జూలైలో కత్తిరించి, సెప్టెంబరు నుంచి కత్తెర ముట్టకండి.

పూత రాలిపోతోంది, కాయలు చిన్నవి

పరాగసంపర్కం చాలడం లేదు. గంట ఆకారపు పూవు నుంచి పుప్పొడి రాలాలంటే తుమ్మెదల కంపనం బాగా పనికొస్తుంది. పూత వేళ మందులు కొట్టకండి, వల కప్పి ఉంచకండి. రెండు రకాలు పక్కపక్కన పెడితే కాయ పెద్దదవుతుంది. కాయ కట్టాక పిట్టల కోసం వల వేయండి.

పండు పుల్లగా ఉంది

తొందరపడి కోశారు. నీలం రంగు రాగానే కోయకుండా మరో నాలుగైదు రోజులు ఆగండి. తొడిమ దగ్గరి ఎరుపు పూర్తిగా పోవాలి, వేలితో తాకగానే రాలిరావాలి. కోసిన తర్వాత దానికి తీపి పెరగదు.

నేలలోనే నాటాలనుకుంటే

సున్నపు నేలలో గుంత తవ్వి ఆమ్ల మిశ్రమం నింపినా చుట్టూ ఉన్న నేల, పారే నీళ్లు దాన్ని మళ్లీ మార్చేస్తాయి. అలాంటి చోట బ్లూబెర్రీని కుండీకే పరిమితం చేసి, నేలలో వాక్కాయ గానీ మల్బరీ గానీ వేయండి. రెండూ దీనికి చుట్టాలు కావు గానీ మన ఎండకూ బోరు నీళ్లకూ నిలిచి కాస్తాయి.