జ్ఞానం కలిగిందన్న మాట విన్నప్పుడు, మనమే అనబోయినప్పుడు

విజయనగరంలోనో శ్రీకాకుళంలోనో సాయంత్రం పూట సత్సంగానికి వెళ్ళే అలవాటున్నవారికి "నాకు ఆత్మజ్ఞానం కలిగింది" అనే మనిషి ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతారు. ఆ మాట వినగానే కొందరు కాళ్ళకు దణ్ణం పెడతారు, కొందరు పెదవి విరుస్తారు. రెండూ తొందరపాటే. ముందుగా ఆ మాటలో కలిసిపోయిన రెండు సంగతులను విడదీసి చూడండి. "నాలో ఇటువంటి మార్పు వచ్చింది" అన్నది ఆయన తన గురించి చెప్పుకొనే మాట. "కనుక నేను మీకంటే పైవాణ్ణి" అన్నది మన గురించి తేల్చే మాట. మొదటిది నిజమైనంత మాత్రాన రెండవది నిజమైపోదు. వంశధార దాటించే పడవవాడికి నది తెలుసు కాబట్టి పడవలో ఉన్నంతసేపూ అతను చెప్పినట్టు కూర్చోవడం మన క్షేమానికే. ఒడ్డు చేరాక మన పొలంలో ఏ పంట వేయాలో, మన పిల్లను ఎవరికివ్వాలో నిర్ణయించే అధికారం ఆ తెలివి వల్ల అతనికి రాదు.

తరువాత నడవడిని చూడండి. భగవద్గీత రెండవ అధ్యాయంలో అర్జునుడు స్థితప్రజ్ఞుడి, అంటే బుద్ధి నిలకడ చెందినవాడి, లక్షణమేమిటని అడుగుతూ, అతడు ఎలా మాట్లాడతాడు, ఎలా కూర్చుంటాడు, ఎలా నడుస్తాడు అన్నాడు. అంటే నలుగురికీ కనబడే వాటినే అడిగాడు. పదమూడవ అధ్యాయంలో జ్ఞానమంటే ఏమిటో చెబుతూ వరుసగా పేర్కొన్న గుణాలలో మొట్టమొదటిది అమానిత్వం, అంటే గౌరవాన్ని ఆశించకపోవడం, రెండవది అదంభిత్వం, అంటే డాంబికం లేకపోవడం. కాబట్టి తన ఆధిక్యాన్ని చాటుకొనేవారి జ్ఞానం ఆ శాస్త్రపు తక్కెడలోనే తరుగు తూగుతుంది. వేదిక మీద ఎవరైనా శాంతంగానే కనబడతారు. భోజనాల బంతిలో, వడ్డిస్తున్న కుర్రవాడి చేతిలోంచి వేడి పులుసు ఒలికి తెల్లని పంచె మీద పడిన క్షణంలో ఆయన ముందు పంచె వైపు చూశారా, కుర్రవాడి చేతి వైపు చూశారా అన్నది గమనించండి.

గురువుకు తలవంచడం మన సంప్రదాయమే కదా అని మీకు అనిపించవచ్చు. నిజమే, కానీ ఆ గౌరవం శిష్యుడు ఇచ్చేది, గురువు అడిగి పుచ్చుకొనేది కాదు. విజయదశమి తరువాతి మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమాను (ఉత్సవంలో పైకెత్తే పొడవైన మాను) కొసన పూజారి ఊరేగుతుంటే జనం చేతులెత్తి మొక్కుతారు, అరటిపళ్ళు విసురుతారు. ఆ ఎత్తు అమ్మవారిది, పూజారిది కాదు. ఏ మర్యాద ఎవరికి, ఎంతసేపు, ఎందుకు చెల్లుతుందో తెలుసుకొని ఇస్తే ఇచ్చినవారికీ మేలు, అందుకొన్నవారికీ మేలు.

గార మండలంలోని శాలిహుండం కొండ మీద ఒకప్పుడు బౌద్ధ భిక్షువులు ఉండేవారు. భిక్షువుల నియమావళి అయిన వినయంలో ఈ విషయం మీద చాలా గట్టి కట్టడి ఉంది. లేని సిద్ధి ఉందని తెలిసి తెలిసి చెప్పుకొన్న భిక్షువుకు సంఘంలో స్థానం ఉండదు. ఉన్న సిద్ధిని నిజంగానే గృహస్థులకు చెప్పినా అది ఒప్పుకొని సరిదిద్దుకోవలసిన తప్పే. కరవు కాలంలో కొందరు భిక్షువులు తిండి కోసం ఒకరి సిద్ధులను మరొకరు గృహస్థుల ముందు పొగుడుకోవడమే దీనికి మూలమని వినయం చెబుతుంది. నిజం చెప్పినా తప్పేమిటన్న ప్రశ్నకు ఈ కథలోనే జవాబుంది: ఆ మాట వినేవారి చేతిని మెతుకుల వైపో, మూట వైపో కదిలిస్తుంది. అందువల్ల డబ్బు, ఆస్తి, ప్రశ్నించని విధేయత, ఈ మూడింటిలో ఏది అడిగినా లేచి వచ్చేయండి.

అసలు కష్టం ఆ అనుభవం మనకే కలిగినప్పుడు. కొన్నేళ్ళ క్రితం ఒక తెల్లవారుజామున అదే కొండ మీద ఇటుకల స్తూపం పక్కన కూర్చున్నప్పుడు నా మనసు పూర్తిగా నిలిచిపోయింది. ఆ నిశ్శబ్దం కొన్నాళ్ళు నాతోనే ఉంది, అది అబద్ధమని ఈనాటికీ అనుకోను. ఆ రోజుల్లోనే ఒక రాత్రి మా అబ్బాయికి జ్వరం వచ్చి ఇంటిల్లిపాదీ కంగారు పడుతుంటే, "ఇదంతా మాయ, మీకు అర్థం కాదు" అన్నాను. మా అమ్మ గిన్నెడు నీళ్ళూ ఒక పాత గుడ్డా నా ముందు పెట్టి, "నీకేటి తెలిసిందో గానీ, ముందు ఈ గుడ్డ తడిపి గుంటడి నుదుట మీద ఎయ్యిరా" అంది. మీకు అర్థం కాదన్న ఆ ఒక్క మాట నిశ్శబ్దం నుంచి వచ్చింది కాదని, దాన్ని కిరీటంగా పెట్టుకొన్న నా అహం నుంచి వచ్చిందని తెల్లవారేదాకా గుడ్డ తడుపుతూ ఉండగా తెలిసింది.

కనుక మీకు అటువంటిది కలిగితే దానికి వెంటనే పేరు పెట్టకండి. నమ్మకమైన పెద్దవారొకరికి జరిగింది జరిగినట్టు చెప్పండి, మిగిలినవారి దగ్గర మౌనంగా ఉండండి, ఇంటి పనుల్లో మీ వంతు ఒక్కటీ తగ్గించకండి. ఆరు నెలలు గడిచాక, మీ కోపానికి ఇంట్లో అందరికంటే ఎక్కువగా భయపడేవారెవరో వారిని పక్కన కూర్చోబెట్టుకొని, ఆ భయం ఏమైనా తగ్గిందా అని అడగండి.