మనవరాలి చేతికి ఏమివ్వాలి: వంటింటి సామానుతో ఆటలు

మా అమ్మాయి ఉద్యోగానికి వెళ్లాక మనవరాలు సాయంత్రం దాకా నా దగ్గరే ఉంటుంది. దానికి ఏడాదిన్నర దాటింది, రెండేళ్లు ఇంకా నిండలేదు. మాది ఒడిశాలోని బరంపురం, బొడొబజార్ వెనక పాత ఇల్లు. ఎర్ర సిమెంటు గచ్చు, పెరట్లో ఇనప మూత బిగించిన నుయ్యి, పక్క వాటాలో మేం మావుసీ (పిన్ని) అని పిలిచే ఒడియా ఆవిడ. ఈ ఆటలకి అంతకన్నా ఏమీ అక్కర్లేదు. సెన్సరీ ప్లే అని పేరు పెట్టి రంగురంగుల ట్రేలు, కిట్లు అమ్ముతున్నారు గానీ, పిల్ల దేన్నైనా పట్టుకుని, నలిపి, వాసన చూసి, చప్పుడు విని తెలుసుకోవడమే కదా ఆ పేరుకి అర్థం. వస్తువు వంటింట్లోనే ఉంటుంది. పెద్దవాళ్లకి కష్టమైన పని వేరే ఉంది: దాన్ని పిల్ల చేతికిచ్చాక మన చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం. "అలా కాదమ్మా, ఇలా" అని మనం చేసి చూపించామా, అది మన ఆట అయిపోతుంది.

వేళ విషయంలో నాకో పట్టింపు ఉంది. పిండి, రంగు, నీళ్లు ఏవైనా సరే, స్నానానికి ముందే. ఒంటి మీద లంగోటీ ఒక్కటే ఉంచి, కింద పాత చీర మడత వేసి, మధ్యలో అంచున్న పెద్ద తాంబాళం పెడతాను. ఒక్కసారికి ఒక్కటే వస్తువు. అయిదారు గిన్నెలు వరసగా పేరిస్తే ఈ వయసు పిల్ల దేంతోనూ ఆడదు, అన్నీ బోర్లించి లేచిపోతుంది. పది నిమిషాలు ఆడితే చాలు. రెండు నిమిషాల్లోనే లేచి వెళ్లిపోయినా తీసేయండి, బలవంతం వద్దు.

ఏమివ్వకూడదో ముందు చెప్పేస్తాను. మూడేళ్లలోపు పిల్లలకి అన్నీ నోట్లోకే. మీ బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టండి. అందులోంచి జారిపోయేదేదైనా దాని గొంతుకి అడ్డం పడొచ్చు. శనగలు, బఠాణీలు, రాజ్మా, వేరుశనగలు, చింతపిక్కలు, గోళీలు, బటన్ సెల్లులు ఏవీ వద్దు. గింజ ముక్కులోకి దూరితే ఇంకో తంటా, తడికి ఉబ్బి బిగుసుకుపోతుంది. నీళ్లలో వేస్తే గోళీలంత అయ్యే రంగు జెల్ గింజలు అమ్ముతారు, వాటిని ఇంట్లోకే తేకండి. మింగితే కడుపులో ఉబ్బి పేగుకి అడ్డం పడతాయి. మన ఇళ్లలో ఎవరూ అనుమానించనిది కర్పూరం. వాసన ఆటకి బాగుంటుందని తీసి ఇస్తారు. చిన్నపిల్ల కొద్దిగా మింగినా ఫిట్స్ రావచ్చు. కలరా ఉండలూ విషమే. పెరట్లో గన్నేరు, ఉమ్మెత్త ఉంటే పూలాటకి అవి కోయొద్దు. ఆముదం గింజలు, గురివింద గింజలు అందంగా ఉంటాయి గానీ రెండూ విషమే.

ఇక ఆటలు. మాకు అన్నిటికన్నా బాగా పట్టుబడింది బియ్యపు పిండి నీళ్లతో గచ్చు మీద గీతలు. మార్గశిర లక్ష్మివారాల్లో ఇక్కడ ఒడియా ఇళ్ల ముందు ఝోటి వేస్తారు. మనం పొడి ముగ్గు వేళ్ల సందుల్లోంచి రాలుస్తాం, వాళ్లు తడి పిండిలో వేలు ముంచి గీస్తారు. మావుసీ లక్ష్మీదేవి పాదాలు వేస్తుంటే చూసే నాకు ఈ ఆలోచన వచ్చింది. గుప్పెడు బియ్యం రెండు గంటలు నానబెట్టి మెత్తగా రుబ్బి, పాలంత పల్చగా కలిపి పళ్లెంలో పోయండి. పిల్ల అరచేతిని అందులో అద్దించి వదిలేయండి.

మొదట గచ్చు మీద ఏమీ కనిపించదు, ఉత్త తడి. పిల్లకి విసుగొచ్చేలోగా అంచుల దగ్గర ఆరడం మొదలవుతుంది. ముందు వేళ్ల చివర్లు, తర్వాత అరచెయ్యి, ఆ పైన మధ్యలో గీతలు తెల్లగా తేలతాయి. మా గుంట ఒంగుని ముక్కు గచ్చుకి ఆనించి మరీ చూస్తుంది. తెల్లబడ్డ చోట మళ్లీ తడి చెయ్యి పెడితే అది మాయం. ఆరితే మళ్లీ వస్తుంది. దానికి ఇంతకన్నా వింత లేదు. ఫ్యాను తక్కువలో పెడితే త్వరగా ఆరుతుంది. వానాకాలంలో మాత్రం ఈ ఆట సాగదు, ఎంతసేపటికీ ఆరదు. చేతులు నాకే పిల్లయితే పచ్చి పిండి బదులు అన్నం వార్చిన గంజి చల్లార్చి వాడండి. అంత తెల్లగా రాదు గానీ కడుపుకి ఇబ్బంది లేదు.

నీళ్లాటకి ఎవరూ నేర్పక్కర్లేదు. వెడల్పాటి బేసిన్‌లో రెండు వేళ్ల లోతు నీళ్లు, సోల, చిన్న చెంబు, జల్లెడ ఉంటే సరి. చెంబులో పోసింది నిలుస్తుంది, జల్లెడలో పోసింది కారిపోతుంది. పిల్ల దాన్ని విడవకుండా పరీక్ష చేస్తూనే ఉంటుంది. ఫోన్ మోగినా, గ్యాస్ మీద పాలు పొంగినా పిల్లని చంకనేసుకునే లేవండి. మూతి మునిగేంత నీళ్లున్నా ప్రమాదమే. ఆట అవగానే బేసిన్ బోర్లించాలి. బాత్రూంలో నిండు బకెట్టు ఉంచే అలవాటుంటే అదీ మానుకోండి.

జారుడుగా, జిగురుగా ఉండేదానికి సన్న సగ్గుబియ్యం మంచిది. ఒక వంతుకి అయిదు వంతుల నీళ్లు పోసి గింజ అద్దంలా అయ్యేదాకా ఉడికించి, పూర్తిగా చల్లార్చాలి. ఉడికింది కాబట్టి నోట్లోకి వెళ్లినా నాకు టెన్షన్ ఉండదు. సగానికి పసుపు, సగానికి బీట్‌రూట్ రసం. పసుపు మరక బట్టకి పడితే సబ్బు తగలగానే ఎర్రబడుతుంది, కంగారు పడకుండా ఎండలో వేయండి, తగ్గిపోతుంది. ఆడుతున్నప్పుడు నేను పాఠం చెప్పను గానీ, చేతికి తగిలినదానికి మాట అందిస్తాను: "జారిపోతోందా", "చల్లగా ఉందా", "జిగటగా ఉందా". మావుసీ వచ్చి కూర్చుంటే అవే ఒడియాలో అంటుంది. పిల్లకి రెండూ చెవిన పడతాయి.

పిండి ముద్దకి చపాతీ పిండే చాలు, రెండు చుక్కల నూనె ఎక్కువ వేస్తే చేతికి అంటుకోదు. చోడిపిండి (రాగిపిండి) కలిపితే కొంచెం గరుకుగా ఉంటుంది, ఆ తేడా పిల్లలు వెంటనే పట్టేస్తారు. కప్పులకి కప్పులు ఉప్పు పోసి చేసే ముద్దలు వీడియోల్లో చూపిస్తుంటారు, నిలవుంటాయని. అంత ఉప్పు ఈ వయసు పిల్ల తింటే ప్రమాదం. నిలవ ఎందుకు, రేపటికి రేపు కలుపుకుందాం.

శంఖపుష్పం తీగ చాలా పెరళ్లలో ఉంటుంది. నీలం పూలు అయిదారు వేడినీళ్లలో వేసి చల్లారనిస్తే నీళ్లు నీలమవుతాయి. నిమ్మచెక్క పిల్ల చేత పిండిస్తే వంకాయ రంగుకి తిరుగుతాయి. పువ్వులో ఉండే ఆంథోసయనిన్ అనే రంగుకి పులుపు తగిలితే ఆ మార్పు. వేళ్ల మీద గీరుడు ఉంటే నిమ్మరసం మండుతుంది, ముందు చూసుకోండి.

వాసనలకి జీలకర్ర, వాము, ఇంగువ విడివిడిగా పల్చటి గుడ్డలో గట్టిగా మూట కట్టి ఇస్తాను. ఇంగువకి మొహం చిట్లించి, మళ్లీ దాన్నే అడుగుతుంది. గంజాం జిల్లా మొగలిపూలకి పేరుపడ్డది, వానాకాలంలో దొరుకుతాయి. రేకు అంచుల్లో ముళ్లుంటాయి, కత్తెరతో తీసేశాకే ఇవ్వాలి. చప్పుళ్ల గురించి నేను చెప్పేదేముంది, గిన్నె, గరిటె ఇస్తే మిగతాది వాళ్లే చూసుకుంటారు.

చేతులతో ఆడేవే లెక్క అనుకోకండి. ఊగడం, బరువు మొయ్యడం కూడా ఒంటికి కావాలి. చెవి లోపల ఉండే ఒక భాగం ఒళ్లు తూలిపోకుండా చూసుకుంటుంది, ఊగితే దానికి పని. జూన్ మధ్యలో రజ పండుగకి ఇక్కడ చెట్టు చెట్టుకీ ఉయ్యాలలు కడతారు. ఆ మూడు రోజులే ఎందుకు, దూలానికి చీర ఉయ్యాల కట్టి, పిల్ల పాదాలు నేలకి తగిలేంత కిందకి దించి ఊపండి. బంగాళాదుంపల సంచీ గది ఇవతలి నుంచి అవతలికి లాక్కెళ్లమంటే మా గుంట మహా ఆనందంగా లాగుతుంది.

కొందరు పిల్లలు జిగట వస్తువు చూడగానే చేతులు వెనక్కి తీసుకుంటారు. ముందు చెంచా ఇవ్వండి. లేదా సగ్గుబియ్యాన్ని జిప్ కవర్లో పోసి, మూతికి టేపు వేసి పైనుంచి నొక్కనివ్వండి, మీ కళ్లెదుటే. కొన్నాళ్లకి వేలు పెడతారు. ఏది తగిలినా ఏడవడం, పేరు పెట్టి పిలిచినా తిరగకపోవడం రోజూ కనిపిస్తుంటే మాత్రం ఇంట్లో చర్చలు పెట్టుకోకుండా పిల్లల డాక్టరుకి చూపించండి.

శుభ్రం చేయడం గురించి: ఆరిన బియ్యపు పిండి తడిగుడ్డతో ఒక్క తుడుపుకి పోతుంది. సగ్గుబియ్యం మాత్రం తూములో పోయకండి, జిగురు కట్టి నీళ్లు కదలవు. పాత చీర మీదే ఆరనిచ్చి, దులిపి చెత్తబుట్టలో వేసేయండి.