మడమల పగుళ్లు ఎలా తగ్గాయంటే (నా అనుభవం)

మాది విజయనగరం. పైడితల్లమ్మ సిరిమాను సంబరం అయిపోయి చలి మొదలైందంటే నా మడమలు పగిలేవి. సంక్రాంతికల్లా దుప్పటి దారాలు పట్టుకుని లాగేవి.

కొవ్వొత్తి మైనం, పసుపు ముద్ద, ఖరీదైన క్రీములు, ఏవీ నిలవలేదు.

చివరికి తేడా తెచ్చింది మందు కాదు, రాసే సమయం. రాత్రి పడుకోబోయే ముందు గోరువెచ్చని నీళ్లలో పావుగంట కాళ్లు పెట్టాను. మరీ వేడినీళ్లయితే చర్మం ఇంకా ఎండిపోతుంది. మెత్తబడ్డాక రాయితో తేలిగ్గా రుద్దాను, అదీ వారానికి రెండుసార్లే. రక్తం చూసేదాకా రుద్దడం నా పాత తప్పు! తర్వాత తువ్వాలుతో అద్ది, కాస్త చెమ్మ ఉండగానే వ్యాజిలైన్ దట్టంగా పట్టించి, నూలు సాక్సులు వేసుకున్నాను. వ్యాజిలైన్ తేమను ఇవ్వదు, ఉన్నదాన్ని పోనివ్వదు. ఇన్నాళ్లూ ఎండిన కాళ్లకి రాశాను మరి.

రెండు వారాలకి నొప్పి పోయింది. అప్పుడే ఇంట్లో గచ్చు మీద ఉత్తకాళ్లతో తిరగడం కూడా మానేశాను, కాబట్టి దేని వల్ల ఎంత తగ్గిందో చెప్పలేను. మా అత్తయ్యకి ఇదే చేస్తే సగమే తగ్గింది. షుగరున్నవాళ్లు, చీము, రక్తం కనబడేవాళ్లు మాత్రం ముందు డాక్టరుకి చూపించండి.