నూటికి ఎంతమంది? చీటీ మీద రాశాకే చూడండి

కార్తీకమాసం వచ్చిందంటే విశాఖలో మా అక్కయ్యపాలెం అపార్ట్‌మెంట్‌ వాళ్లం ముడసర్లోవ పార్కుకి వనభోజనాలకి వెళ్తాం. పులిహోర, పనసపొట్టు కూర, ఆ తర్వాత తంబోలా. ఒక ఏడాది తంబోలా టికెట్లు తేవాల్సినాయన మరిచిపోయి వచ్చాడు. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినదాన్ని కదా, అందరూ నా మీద పడ్డారు, "టీచరుగారూ, ఏదో ఒక ఆట పెట్టండి" అని. మన దేశం గురించి మనకి తెలుసనుకునే అంకెలు ఎంతవరకు నిజమో చూసుకునే ఆట అలా పుట్టింది. ఎలా ఆడాలో చెప్తాను.

నోటుబుక్కు కాగితాలు చింపిన చీటీలు, మనిషికో పెన్ను, ఒక ఖాళీ హార్లిక్స్ సీసా ఉంటే చాలు. ప్రశ్నలు ఐదు మించొద్దు. నేను మొదటిసారి పన్నెండు పెట్టాను, నాలుగోదానికే జనం కాఫీ ఫ్లాస్కు చుట్టూ చేరిపోయారు. ఇంకోటి, ‘శాతం’ అనకండి. ఆ మాట వింటే పరీక్ష హాల్లో కూర్చోబెట్టినట్టు బిగుసుకుపోతారు. ‘నూటికి ఎన్ని ఇళ్లు’, ‘నూటికి ఎంతమంది’ అని అడగండి. 

రాసేటప్పుడు ఎవరూ నోరు విప్పకూడదు. ఈ ఒక్క నియమం దగ్గర మొహమాటపడకండి. నా మొదటి ప్రశ్న: దేశంలో నూటికి ఎన్ని ఇళ్లకి కారుంది? మా సెక్రటరీగారు ఆగలేక "యాభై ఉంటాయండీ" అనేశారు. చీటీలు విప్పితే వరసగా 45, 50, 55. ఆ ప్రశ్న అక్కడితో పాడైపోయింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలో కారున్న ఇళ్లు నూటికి 7.5. చెబితే ఎవరూ నమ్మలేదు. మా సెల్లారులో బండి వెనక్కి తిప్పడానికి చోటుండదు మరి.

పెదజాలరిపేట నుంచి మాకు చేపలు తెచ్చే ఆవిడ కార్తీకంలో మా మెట్లెక్కదు. పోలి స్వర్గానికి వెళ్లిన మర్నాడు వచ్చి గంప దించింది. ఆవిడనీ అదే అడిగాను. "నూటికా? పదిళ్లకుంటే గొప్పేనమ్మా" అంది. మా అపార్ట్‌మెంట్‌లో ఒక్కరూ అంత దగ్గరికి రాలేదు. సరే, దేశంలో నీసు ముట్టనివాళ్లు నూటికి ఎంతమంది అన్నాను. "ఇద్దరో ముగ్గురో ఉంటారేటి" అని నవ్వేసింది. 2014 నాటి సర్కారు సర్వే ప్రకారం పదిహేనేళ్లు దాటినవాళ్లలో దేశం మొత్తం మీద శాకాహారులు నూటికి 29 మంది. మన రాష్ట్రంలో మటుకు ఇద్దరు కూడా లేరు. ఆవిడ తిరిగే వీధుల వరకు ఆ జవాబు సరైనదే. కారు విషయంలో మా సెక్రటరీగారిదీ, మా సెల్లారు వరకు, సరైనదే.

ఇదేదో మా విశాఖ వాళ్ల తెలివితక్కువతనం అనుకోకండి. ఇప్సోస్ అనే సంస్థ ఏటా చాలా దేశాల్లో ఇలాంటి ప్రశ్నలే వేసింది. 2016లో 40 దేశాల్లో అడిగితే అందరికంటే ఎక్కువ తప్పు చెప్పింది మనమే. అంతకుముందు ఏడాది మనవాళ్లని నూటికి ఎంతమందికి ఇంటర్నెట్ ఉందని అడిగితే సగటున 60 అన్నారు, అసలు 19. జవాబు చెప్పినవాళ్లంతా ఇంటర్నెట్‌లోనే చెప్పారు! ఫ్రాన్సు వాళ్లు తమ దేశంలో ముస్లింలు నూటికి 31 మంది అనుకున్నారు, ఉన్నది ఎనిమిది లోపే.

తప్పు ఎటువైపు పోయిందో కూడా రాసుకోండి. బాగా తెలియనప్పుడు మన చెయ్యి మధ్యకి లాగుతుంది. చిన్న అంకెని పెద్దది చేస్తాం, పెద్దదాన్ని తగ్గిస్తాం. కరెంటున్న ఇళ్లలో ఉండేవాళ్లు నూటికి 96.8 అయితే మావాళ్లు 70, 75 రాశారు. అది నిరాశావాదమో దేశద్రోహమో కాదు, తెలియకపోవడం అంతే.

టీవీ వల్ల వచ్చే తప్పులు వేరే రకం. 2022లో దేశంలో హత్యలెన్ని, రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్లెంతమంది అని జంటగా అడగండి. మాలో దాదాపు అందరూ హత్యలే ఎక్కువని రాశారు, మావారితో సహా. రాత్రి తొమ్మిదింటికి ఆయన చూసే క్రైమ్ బులెటిన్ ఎక్కడికి పోతుంది? రోజూ బైకు మీద హైవేలో గాజువాక వెళ్లొచ్చే కుర్రాడు ఒక్కడే తిరగేసి రాశాడు. హత్యలు 28,522. రోడ్డు మీద పోయినవాళ్లు 1,68,491. అదే ఏడాది ఆత్మహత్యలు 1,70,924 అని చదివాక కాసేపు ఎవరూ మాట్లాడలేదు. పిల్లలున్నచోట ఆ అంకె వద్దు.

మతం ప్రశ్నలు మొదటి ఆటలో పెట్టకండి. నాలుగుసార్లు తప్పు చెప్పి కాస్త మెత్తబడ్డాక పెట్టండి. ముస్లింలు నూటికి ఎంతమంది అంటే మాలో ఒకాయన 35 రాశాడు. 2011 జనగణనలో 14.2. వాళ్లలో ఒక్కో స్త్రీకి సగటున పిల్లలు 1992-93 కుటుంబ ఆరోగ్య సర్వేలో 4.4, 2019-21లో 2.4. ఆయన చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. నేనేమీ అనలేదు, మీరూ ఏమీ అనకండి.

ఎందుకంటే నా చీటీ ఇంకా ఘోరం. 20 నుంచి 24 ఏళ్ల ఆడవాళ్లలో పద్దెనిమిది నిండకుండా పెళ్లయినవాళ్లు మన రాష్ట్రంలో నూటికి ఎంతమంది? నేను 5 అని రాశాను. గట్టి నమ్మకంతో రాశాను, ముప్పై ఏళ్లు ఆడపిల్లలకి పాఠం చెప్పినదాన్ని కదా. సర్వే చెప్పింది 29.3. దేశం సగటు 23.3, మనం అంతకంటే పైనే ఉన్నాం. అచ్చుతప్పేమోనని మూడుసార్లు చూశాను. ఆ రాత్రి పడుకున్నాక హాజరుపట్టీలు గుర్తొచ్చాయి. ఎనిమిదో తరగతి దాటాక దసరా సెలవులకి వెళ్లి మళ్లీ రాని పిల్లలు. రెండు నెలలు ఆబ్సెంట్ పెట్టి, తర్వాత ఎర్ర సిరాతో గీత కొట్టేసిన పేర్లు. ఆ గీత కొట్టింది నేనే. పదో తరగతి దాకా నా ఎదురుగా మిగిలిన పిల్లల్ని చూసి రాష్ట్రం లెక్క వేశాను.

అప్పట్నుంచి ఆటలో ఇంకో పని కలిపాను. జవాబు తెలిశాక చీటీ వెనక్కి తిప్పి, ‘ఈ అంకె రాసేటప్పుడు నా కళ్ల ముందున్నది ఎవరు?’ అని ఒక్క లైను రాయాలి. మావారు ‘టీవీ’ అని రాశారు.

జవాబుల కోసం వాట్సాప్ ఫార్వర్డ్ జోలికి పోవద్దు. జనగణన శాఖ వెబ్‌సైట్, కుటుంబ ఆరోగ్య సర్వే వాళ్ల ఫ్యాక్ట్ షీట్లు చాలు. రాష్ట్రానికీ జిల్లాకీ విడివిడిగా దొరుకుతాయి. మనకి ఇక్కడొక చిక్కుంది. ఆ సర్వేలో ‘విశాఖపట్నం’ అంటే పాత జిల్లా, పాడేరు, అరకు, అనకాపల్లి అన్నీ కలిపి. జిల్లా మూడు ముక్కలైంది 2022 ఏప్రిల్లో. బీచ్ రోడ్డుని తలుచుకుని ఆ అంకె చదివితే బోల్తా పడతారు.

మాటకి అర్థం ఏమిటో కూడా చూడండి. 2011లో నాకు జనగణన డ్యూటీ పడింది. ఒక ఇంట్లో ముసలాయన "సంతకం వచ్చమ్మా, చదువొచ్చినట్టే రాసుకో" అని పట్టుబట్టాడు. కుదరదు. ఏడేళ్లు నిండి, ఏదో ఒక భాషలో అర్థం చేసుకుంటూ చదవడం, రాయడం రెండూ వస్తేనే అక్షరాస్యులు. దేశం మొత్తానికి 73 వచ్చింది అలా లెక్కపెట్టే. నిరుద్యోగం 2023-24లో నూటికి 3.2 అని చదివి నవ్వకండి. పని వెతకడం మానేసినవాళ్లు ఆ లెక్కలోకి రారు, కొట్లో నాన్నకి జీతం లేకుండా సాయం చేసే కొడుకు ఉద్యోగస్తుడి కిందే లెక్క.

నెల తర్వాత అవే ప్రశ్నలు మళ్లీ అడగండి. కారు అంకె ఎవరూ మరిచిపోలేదు. కరెంటుది సగం మంది మళ్లీ తక్కువే రాశారు.

చీటీలు పారేయకండి. మా సీసాలో ఇంకా విప్పని చీటీలు పదకొండున్నాయి. విశాఖ నగర జనాభా ఎంత అన్నది ప్రశ్న. 2011లో 17.28 లక్షలు, తర్వాత భీమిలి, అనకాపల్లి కూడా కార్పొరేషన్‌లో కలిశాయి. 2021లో జరగాల్సిన జనగణన వాయిదాపడి 2027కి వెళ్లింది కాబట్టి మూత బిగించి ఫ్రిజ్ మీద పెట్టాను. మా వాచ్‌మన్ తాత తన చీటీ అందరికీ ముందే చెప్పేశాడు, నలభై లక్షలట. నియమం ప్రకారం ఆయనది చెల్లదు.