పాడె కట్టే పద్ధతి, ఆ తర్వాతి పదిరోజులు

ఊళ్లో ఒకరు పోయారని తెలియగానే వెనకటికి మగవాళ్లు రెండు జట్లయ్యేవారు. కత్తి పట్టుకుని ఒక జట్టు వెదురు పొదకి, గునపం, పార పట్టుకుని ఇంకో జట్టు శ్మశానానికి. ఏడ్చేవాళ్లు ఏడుస్తూనే ఉంటారు, చేసేవాళ్లు చేసుకుపోవాలి. ఇప్పుడు ఇనప పాడెలు, వ్యాన్లు వచ్చాక పాడె కట్టడం తెలిసిన చేతులు తగ్గిపోయాయి. కానీ గోదావరి పాయల మధ్య లంకల్లోనూ, వానాకాలం బురదయ్యే పుంతల్లోనూ వ్యాను వెళ్లని చోట్లు ఇంకా ఉన్నాయి. ధవళేశ్వరం దిగువన గౌతమి, వశిష్ఠల మధ్య పల్లెల్లో ఉమ్మడిగా కనిపించే పద్ధతి ఇక్కడ రాస్తున్నాం. కులాన్ని బట్టి, ఇంటిపేరును బట్టి తేడాలుంటాయి. చివరి మాట ఆ ఇంటి పెద్దలదీ, తంతు నడిపే బ్రాహ్మడిదీ, జంగందేవరదీ, సాతాని అయ్యవారిదీ.

మొదటి గంట

అన్నిటికంటే ముందు గడియారం చూసి టైము కాగితం మీద రాసుకోండి. దుఃఖంలో అందరూ మర్చిపోయేది ఇదే. తద్దినం తారీకును బట్టి కాదు, తిథిని బట్టి పెడతారు. తిథి మధ్యాహ్నమో అర్ధరాత్రో మారిపోతుంది. "పొద్దుటిపూట పోయారు" అంటే పంచాంగానికి చాలదు. నక్షత్రం కూడా అప్పుడే చూపించుకోవాలి. ధనిష్ఠా పంచకం (ధనిష్ఠనుంచి రేవతి దాకా అయిదు నక్షత్రాలు) లాంటివి పడితే ఇల్లు కొన్ని నెలలు మూసి ఉంచే ఆచారం ఉన్నవాళ్లున్నారు.

తర్వాత కళ్లు మూసి, గడ్డం కిందనుంచి నడినెత్తి మీదకి గుడ్డపేలిక తిప్పి కట్టాలి. కాళ్ల బొటనవేళ్లు రెండూ కలిపి, చేతుల బొటనవేళ్లు రెండూ కలిపి కట్టాలి. ఇది ఆలస్యం చేస్తే కుదరదు. రెండు మూడు గంటల్లో దవడ బిగుసుకోవడం మొదలవుతుంది, ఆ తర్వాత కాళ్లూ చేతులూ. నోరు తెరిచి ఉండగా బిగిసిపోతే మళ్లీ మూయలేరు. కాళ్లు ఎడంగా బిగిస్తే పాడె మీద పట్టవు.

శవాన్ని బయట అరుగు మీదకో వాకిట్లో చాప మీదకో చేర్చి, తల దగ్గర నువ్వులనూనె దీపం ఒంటివత్తితో పెడతారు. శవం లేచేదాకా ఆ ఇంట పొయ్యి వెలగదు. గోడ కలిసిన ఇళ్లవాళ్లూ వెలిగించరు. పసిపిల్లలకీ, మందులు వేసుకునే ముసలివాళ్లకీ నాలుగిళ్ల అవతలనుంచి అన్నం తెప్పించే పని ఎవరో ఒకరు నెత్తిన వేసుకోవాలి. దూరంనుంచి కొడుకు రావాలని ఆపితే ఐసు దిమ్మలు మంచం కింద ఊకలో పెట్టాలి, ఒంటిమీద కాదు.

పాడె

రెండు పచ్చి వెదుళ్లు కావాలి, ఒక్కోటి ఏడు మూరలు, అంటే పది అడుగులకి కాస్త పైన. మనిషి పొడుగు ఆరడుగులు పోగా ముందూ వెనకా రెండేసి అడుగులు భుజాలకి మిగలాలి. ఎండు వెదురు వద్దు. బరువు పడితే నిలువునా చీలుతుంది. మేకు అసలే కొట్టకూడదు, చీలిక అక్కడే మొదలవుతుంది. రెండు వెదుళ్లూ ఒకే లావువి దొరక్కపోతే మొదళ్లు రెండూ తలవైపు రావాలి, ఎందుకంటే బరువంతా భుజాల దగ్గరే.

వెదుళ్ల మధ్య ఎడం మూరా జానా, సుమారు రెండుంబావు అడుగులు. అంతకంటే వెడల్పు కడితే చేలగట్టు మీద మోసేవాళ్లు చెరోపక్క వరి ఊడ్చిన చేలో దిగాల్సి వస్తుంది. అడ్డబద్దలు బేసిలెక్కన ఏడో తొమ్మిదో వేస్తారు. సమంగా పంచేయకండి. భుజాల కింద రెండు, నడుం కింద రెండు దగ్గర దగ్గరగా పడాలి. కాళ్లకింద ఒకటి చాలు. నడుం దగ్గర ఎడం ఎక్కువైతే దారిలో శవం కుంగి, పాడె మధ్యకి వంగుతుంది.

కట్టడానికి కోనసీమలో కొబ్బరితాడు, మిగతా చోట్ల గడ్డితాడు. కొబ్బరితాడు పావుగంట నీళ్లలో నానబెట్టాలి. ఎండుతాడు నున్నటి పచ్చి వెదురు మీద జారుతుంది, నానితే మెత్తబడి ముడి కరుస్తుంది. గడ్డితాడు పేనాలంటే పొడుగ్గా ఉన్న వరిగడ్డి తీసుకుని నీళ్లు చల్లి కాసేపు ఉంచాలి, లేకపోతే పురి పెట్టేటప్పుడు పుటుక్కున తెగుతుంది. ఒకరు కూర్చుని గుప్పెడేసి గడ్డి అందిస్తుంటే ఇంకొకరు కర్రకి తగిలించి తిప్పుతూ వెనక్కి నడుస్తారు. అందించే చేతిలో గడ్డి ఎప్పుడూ ఒకే మందాన ఉండాలి. సన్నబడ్డ చోటే తాడు తెగుతుంది. కడితే అడ్డబద్ద మీదనుంచి ఐమూలగా రెండు చుట్లు, ఆ చుట్ల మధ్యనుంచి ఒక చుట్టు లాగి బిగించాలి. ఆ మధ్య చుట్టు వేయకపోతే వంద గజాలు నడిచేసరికి బద్దలు పక్కకి జారతాయి. అయ్యాక ఒక మనిషి పాడె మీద పడుకుంటే నలుగురు ఎత్తి చూడటం మంచిదే కానీ ఎవరూ పడుకోరు. బియ్యం బస్తా పెట్టి చూస్తారు.

పైన అల్లిన కొబ్బరిమట్ట, దానిమీద వరిగడ్డి, ఆపైన తుంగచాప.

స్నానం వాకిట్లోనే గోరువెచ్చని నీళ్లతో చేయిస్తారు. పసుపు రాసి, నుదుట బొట్టు పెట్టి, కొత్తబట్ట కప్పుతారు. ముత్తైదువగా పోతే చీర, గాజులు, పూలు పెట్టి సాగనంపుతారు. ఆ నీళ్లు వీధిలోకి పారకుండా ముందే చిన్న గుంట తీసి ఉంచాలి.

నిప్పుకుండ

ఇది చిన్న పనిలా కనిపించి పెద్ద తగాదా పెడుతుంది. శ్మశానం దాకా నిప్పు చావకూడదు, తాడు అంటుకోకూడదు. కొత్త కుండలో అడుగున రెండు గుప్పిళ్ల ఊక, పైన రాజుకున్న పిడక ముక్కలు మూడు నాలుగు వేయాలి. ఊక మంట పెట్టదు, లోపల్లోపలే గంటల తరబడి రగులుతుంది. కుండని మూడు పేటల ఉట్టిలా కట్టి కర్త, అంటే తలకొరివి పెట్టేవాడి చేతికిస్తారు. ఆ తాడు తడిపిన అరటినారదైతే మేలు. ఎండుగడ్డి తాడు కడితే నడిదారిలో తెగి కుండ కాళ్లమీద పడుతుంది.

దారి

కర్త ముందు, వెనక పాడె. దారి పొడుగునా పేలాలు, చిల్లర చల్లుతారు. మోసే నలుగురూ ఒకే ఎత్తు ఉండేలా చూసుకోవాలి. పొట్టివాడి మూలకి బరువంతా దిగుతుంది. మార్చుకునేందుకు ఇంకో నలుగురు పక్కనే నడవాలి. వానాకాలం చెప్పులు లేకుండా, పంచె ఎగగట్టి. లంకలనుంచి పడవ మీద దాటించేటప్పుడు పాడె పడవ పొడుగునా ఉండాలి, అడ్డంగా కాదు. జనం రెండు పక్కలా కూర్చోవాలి. అందరూ శవం చూడటానికి ఒకే పక్కకి వస్తే పడవ ఒరుగుతుంది.

సగం దారిలో దింపుడు కళ్లం. పాడె దించి, అయినవాళ్లు చెవి దగ్గర మూడుసార్లు పేరుపెట్టి పిలుస్తారు. కదలిక ఉందేమో ఆఖరిసారి చూడటమన్నమాట, "దింపుడు కళ్లం ఆశ" అన్న మాట దీన్నుంచే. తర్వాత ముందువాళ్లు వెనక్కి, వెనకవాళ్లు ముందుకి మారి ఎత్తుతారు. దించే చోటు ముందే చూసి మెరకలో పెట్టుకోవాలి. నీళ్లు నిలిచిన చోట దించితే చాప తడిసి పాడె బరువెక్కుతుంది.

చితి

డెల్టాలో చితి పేర్చడం మెట్టలో పేర్చినట్టు కాదు. ఇక్కడ జానెడు తవ్వితే చెమ్మ. ఆ చెమ్మ కింది కట్టెల్ని ఆర్పేస్తుంది. అందుకని మెరక చూసి, ఉత్తర దక్షిణాలుగా ఏడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు గీసి, మధ్యలో గాలి ఆడటానికి జానెడు లోతు కాలువ తీస్తారు. వానాకాలం ఆ కాలువ కూడా తియ్యరు, ఇటుకలు పేర్చి వాటిమీద కట్టెలు లేపుతారు. నాలుగు మూలలా గుంజలు పాతాలి. కాలి కుంగేటప్పుడు దుంగలు దొర్లిపోకుండా ఆపేవి ఇవే.

కట్టెలు మూడు వందలనుంచి నాలుగు వందల కిలోలు, పిడకలు వంద. మామిడి మంచిది. తుమ్మ బాగా వేడి ఇస్తుంది. సరుగుడు తొందరగా అంటుకుంటుంది కాబట్టి అడుగున వేయాలి. కొబ్బరి దుంగ వద్దు, పచ్చిదైతే పొగ తప్ప మంట ఉండదు. కొబ్బరిచిప్పలు మాత్రం వదలొద్దు. బస్తాడు చిప్పలు కట్టెల సందుల్లో పోస్తే వానలో కూడా నిలబడే మంట వస్తుంది. అందుకే తెలివైన రైతులు వానలకి ముందే పశువులపాక అటక మీద మామిడి దుంగలు నాలుగు ఎండేసి పెట్టుకునేవారు, ఎందుకని ఎవరూ అడిగేవారు కాదు.

అడుగున లావు దుంగలు రెండు పొడుగ్గా, వాటిమీద అడ్డంగా, మళ్లీ పొడుగ్గా. సందులు వదలాలి. చక్కగా ఇటుకల్లా పేర్చినవాడి చితే ఆరిపోతుంది. శవాన్ని పెట్టాక ఛాతీ మీద, తొడల మీద లావు దుంగలు పడాలి. అక్కడ ఆలస్యంగా కాలుతుంది. పైగా వేడికి కండరాలు ముడుచుకుని చేతులు, నడుం లేస్తాయి. శవం లేచి కూర్చుందన్న కథలన్నీ పైన బరువు చాలని చితులవే. పాడె వెదుళ్లు చితిలో వేసేటట్టయితే కణుపుకీ కణుపుకీ మధ్య కత్తితో గాటు పెట్టండి, లేకపోతే లోపలి గాలి వేడెక్కి తుపాకీ పేలినట్టు పేలుతుంది.

కర్త భుజాన నీళ్లకుండతో మూడు చుట్లు తిరుగుతాడు. చుట్టు చుట్టుకీ కుండకి ఒక చిల్లు పెడతారు. కత్తి మొనతో చిన్నగా పొడవాలి. గట్టిగా కొడితే మొదటి చుట్టులోనే కుండ రెండు ముక్కలవుతుంది. చివర కుండ వెనక్కి వదిలేసి, తలకొరివి పెట్టి, వెనక్కి చూడకుండా వచ్చేయాలి. అసలు మంట మూడు నాలుగు గంటలు. అంతసేపూ నిలబడి కట్టె ఎగదోసేది కాటికాపరి. అతనికి ఇచ్చే డబ్బు, బియ్యం, బట్ట ముందే మాట్లాడుకోవాలి. చితి అంటుకున్నాక అక్కడ బేరమాడటం సిగ్గుచేటు.

పళ్లు రాని బిడ్డల్నీ, ఖననం ఆచారమున్న కులాలవాళ్లనీ పూడుస్తారు. అయిదడుగుల గొయ్యి కావాలి కానీ వానల్లో మూడడుగులకే నీళ్లు ఊరతాయి. అప్పుడు తవ్వినంత తవ్వి, పైన మట్టి దిబ్బగా ఎత్తుగా పోసి, తుమ్మకంప కప్పాలి, లేకపోతే నక్కలు, కుక్కలు తోడేస్తాయి. మెరక దొరకలేదని ఏటిగట్టుకి మాత్రం గునపం తగిలించకూడదు. 1986 ఆగస్టు వరద చూసినవాళ్లకి గట్టు విలువ చెప్పక్కర్లేదు.

కాలువలో కట్టుబట్టలతో మునిగి ఇంటికి చేరి, దీపం చూసి ఎవరిళ్లకి వాళ్లు వెళ్తారు. "వెళ్లొస్తాం" అనరు. వేసవిలో కాలువలు కట్టేస్తారు కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో స్నానానికి చెరువో బోరో ముందే చూసి పెట్టుకోండి.

అస్థికలు, పిట్ట

మర్నాడో మూడోనాడో పాలు, నీళ్లు చల్లి బూడిద చల్లార్చి అస్థికలు ఏరతారు. పైన చల్లగా ఉన్నా కింద నిప్పుంటుంది. వెదురుబద్ద చీల్చి పట్టకారులా వాడాలి. పాదాలనుంచి మొదలుపెట్టి తల దాకా ఏరి, పాలతో, కొబ్బరినీళ్లతో కడిగి కొత్తకుండలో వేస్తారు. ఆ కుండ ఇంట్లోకి తేరు. రాజమండ్రి కోటిలింగాల రేవుకో, వశిష్ఠ సముద్రంలో కలిసే అంతర్వేదికో పట్టుకెళ్తారు. అంతర్వేదిలో ఆటు మీద కలపాలి. పోటు మీద కలిపితే అంతా ఒడ్డుకే తిరిగొస్తుంది. వాసెనకట్టిన కుండ మునగదు, గుడ్డ విప్పి వంచాలి.

మూడోనాడు చిన్నదినం. పోయినవాళ్లకి ఇష్టమైనవి వండి అరిటాకులో కాలువగట్టున పిట్టకి పెడతారు. చుట్టకాల్చే మనిషైతే చుట్ట కూడా. కాకి ముట్టకపోతే తీరని కోరిక ఉందని కంగారుపడి, ఒక్కొక్కరూ వచ్చి "పిల్ల పెళ్లి మేం చేస్తాం" అని మాటిస్తుంటారు. ఆ కంగారుకి ముందు జనాన్ని ఇరవై గజాలు వెనక్కి జరపండి. కాకి రానిది చాలాసార్లు జనాన్ని చూసే. పొద్దున్నే పెడితే త్వరగా వస్తుంది, నడినెత్తిన ఎండలో రాదు.

మైల పదిరోజులు, పోయినరోజే ఒకటో రోజు. ఆ ఇంట తాలింపు వేయరు. పదోరోజు క్షవరాలు, పోయినవాళ్లకి నీళ్లు వదిలే ధర్మోదకాలు. అదే రోజు భర్త పోయినామెకి గాజులు, బొట్టు, పుస్తెలు తీసే తంతు ఉండేది, పుట్టింటివాళ్లు చీర తెచ్చేవారు. 1881 డిసెంబరు 11న కందుకూరి వీరేశలింగం రాజమండ్రిలోనే తెలుగునాట తొలి వితంతు వివాహం జరిపించారు. అయినా ఈ తంతు పల్లెల్లో చాలాకాలం సాగింది. పుట్టింటి చీర పెట్టి, మిగతాది మానేయడమే సరైనది. ఇప్పుడు చాలా ఇళ్లలో అలాగే చేస్తున్నారు.

పదకొండు, పన్నెండు రోజుల తంతు పురోహితుడు చూసుకుంటాడు. ఇంటివాళ్లకి మిగిలేది భోజనాలు. వందమందికి బియ్యం పదిహేను కిలోలు, కందిపప్పు నాలుగు కిలోలు. గారెలు తప్పనిసరి. కిలో మినప్పప్పుకి అరవై దాకా వస్తాయి కాబట్టి మనిషికి రెండు చొప్పున మూడున్నర కిలోలు నానబోయాలి. పప్పు రుబ్బేటప్పుడు నీళ్లు ఎక్కువైతే గారె నూనె తాగేస్తుంది. పిండి గట్టిగా ఉండాలి, ఉప్పు చివర్లో కలపాలి. ఆ రోజు వచ్చిన చుట్టాలందరి ముందూ, మొదటి గంటలో రాసిన కాగితం తీసి, తిథి ఏదో పెద్దవాళ్లతో ఖాయం చేయించి, ఇంటి పంచాంగంలో రాసి పెట్టుకోండి. నెలమాసికాలూ, ఏడాది తిరిగాక పెట్టే తద్దినమూ దాన్ని బట్టే.